చూసినవాడు చెప్పవలసింది

"తెరిచి చూస్తేగాని చెప్పలేం" అన్నది శస్త్రవైద్యుల నోట మనం తరతరాలుగా వింటున్న మాట. ఇందులో కొంత నిజాయితీ ఉంది, కొంత ఆత్మరక్షణా ఉంది. లోపల ఏముందో నాకు తెలియదని ఒప్పుకోవడం నిజాయితీ. తెలియదు కనుక రేపు జరగరానిది జరిగితే నన్ను తప్పుపట్టవద్దని ముందే చెప్పుకోవడం ఆత్మరక్షణ. తక్కిన అవయవాల సంగతి ఎలా ఉన్నా, గుండె దగ్గర ఈ మాటకు బరువెక్కువ. గుండె లోపల పనిచేయాలంటే సాధారణంగా దాన్ని ఆపాలి. ఆపినంతసేపూ రక్తాన్ని తిప్పే పని ఒక యంత్రం చేస్తుంది. వైద్యుడికి ఉండే వ్యవధి అంతే. అందులోనే చూడాలి, ఆలోచించాలి, కోయాలి, కుట్టాలి.

ఇప్పుడు తెరవకముందే చూడడం సాధ్యమైంది. కళ్ళకు గంతలు కట్టుకున్నట్టు ఒక పెట్టెను తగిలించుకుంటే రోగి గుండె ఎదుట గాలిలో నిలుస్తుంది. దాన్ని తిప్పవచ్చు, పెంచవచ్చు, అడ్డంగా కోసి చూసి మళ్ళీ అతికించవచ్చు. కావాలంటే ఒక గదిలో నిలబడి, గోడకున్న కన్నంలోంచి పక్కగదిలోకి తొంగిచూడవచ్చు. వర్చువల్ రియాలిటీ అంటున్న ఈ విద్యను పిల్లల ఆటలకే అనుకున్నవాళ్ళం, అది శస్త్రచికిత్సాగారం గడప దాకా వచ్చేసరికి ఒక ధర్మసందేహాన్ని కూడా వెంటబెట్టుకు వచ్చింది. "తెలియదు" అనే రక్షణ తొలగిన చోట ఏ బాధ్యత వచ్చి కూర్చుంటుంది? వైద్యుడు ముందే చూశాడు సరే. చూసినందువల్ల అతను ఎవరికి, ఏమి బాకీపడ్డాడు?

ఒక సంఘటన చెబుతాను. 2015లో అమెరికాలో ఒక పాప సగం గుండెతో, ఒకే ఊపిరితిత్తితో పుట్టింది. చేయగలిగిందేమీ లేదని అక్కడి వైద్యులు పాపను ఇంటికి పంపేశారు. ఆ తల్లిదండ్రులు ఊరుకోక మయామీలోని నిక్లాస్ పిల్లల ఆసుపత్రిని ఆశ్రయించారు. అక్కడి శస్త్రవైద్యుడు రెడ్మండ్ బర్క్ పాప గుండెకు ప్లాస్టిక్ నమూనా ఒకటి అచ్చుపోయించి చూద్దామనుకున్నాడు. ఆ సమయానికి అచ్చుపోసే యంత్రం పాడైంది. హువాన్ కార్లోస్ మున్యిజ్ అనే సహవైద్యుడు ఎమ్మారై చిత్రాలను ఫోనులోకి ఎక్కించి, గూగుల్ కార్డ్‌బోర్డ్ అనే అట్టపెట్టెలో ఆ ఫోను పెట్టి ఇచ్చాడు. పెట్టె ఖరీదు ఇరవై డాలర్లకు లోపే. ఊపిరితిత్తి లేని వైపుకు జరిగిపోయిన గుండె, పక్కటెముకల మధ్య సరిగ్గా ఎక్కడ ఉందో బర్క్ అందులో తిప్పి తిప్పి చూశాడు. అలా చూడకపోయి ఉంటే రొమ్మును ఈ చివరనుంచి ఆ చివరకు ముత్యపుచిప్పలా తెరవవలసి వచ్చేదేమో. చూశాడు కనుక అంత పెద్ద గాయం లేకుండా పోగలిగాడు. డిసెంబరులో శస్త్రచికిత్స జరిగింది. అప్పటికి పాపకు నాలుగు నెలలు. పాప కోలుకుంటున్నదని 2016 జనవరిలో వార్తలు వచ్చాయి.

ఈ కథలో పత్రికలన్నీ అట్టపెట్టెనే మెచ్చుకున్నాయి. ఆ పెట్టెను గూగుల్ సంస్థ 2021లో అమ్మడం మానేసింది. ఇప్పుడు ఆ పని చేసే సాధనాలు వేరు. ఇరవై డాలర్ల పెట్టె వెనుక లక్షల ఖరీదైన ఎమ్మారై యంత్రం ఉందనీ, ఏళ్ళ తరబడి చిన్నపిల్లల గుండెలు కుట్టిన చేయి ఉందనీ ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు. చౌక అన్న మాట వింటే మనకు సంబరం. అసలు ఖర్చు ఎప్పుడూ పెట్టె బయటే ఉంటుంది.

నన్ను ఆపింది పెట్టె కాదు, "చేయగలిగిందేమీ లేదు" అన్న ఆ మొదటి మాట. ఆ మాట అన్నవారు అబద్ధమాడలేదు. తమకు కనిపించినంతలో నిజమే చెప్పారు. అయితే అది పాప గుండెను గురించిన నిజమా, తమ చూపును గురించిన నిజమా? ఒకే వాక్యంలో ఆ రెండూ కలిసిపోయి వినిపిస్తాయి. "దారి లేదు" అన్నది ఒక మాట, "నాకు దారి కనబడలేదు" అన్నది వేరొక మాట. మొదటిది విని తల్లి పిల్లను ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. రెండోది వింటే ఇంకొక తలుపు తడుతుంది. రెండు మాటలకూ మధ్య ఒక ప్రాణం ఉంది. చూసే సాధనం మెరుగుపడినకొద్దీ మొదటి మాట అనే హక్కు తగ్గుతూ వస్తుంది.

దీనికి అవతలి పక్కా ఉంది. దారి కనబడిందని ప్రతి గుండెనూ తెరవాలా? మయామీ పాప బతికింది కాబట్టి ఆమె కథ మనదాకా వచ్చింది. ఇంత శ్రద్ధగానూ చూసి, ఇంత శ్రద్ధగానూ కోసి, బతకని పిల్లల కథలు పత్రికలకెక్కవు. కనిపించే దారికి ఒక ఆకర్షణ ఉంది. బొమ్మలో పదిసార్లు దాటిన వాగును పదకొండోసారి నిజంగా దాటాలనిపిస్తుంది. చేయగలగడం వేరు, చేయదగడం వేరు. రెండోదాన్ని తేల్చే సాధనం ఆ పెట్టెలో లేదు. ఆ పిల్ల పడబోయే బాధ, మళ్ళీ మళ్ళీ జరగవలసిన కోతలు, ఆ ఇంటి స్థితి, ఇవేవీ ఎమ్మారై చిత్రంలో పడవు.

అయినా ఈ సాధనం పక్షాన చెప్పవలసిన పెద్ద మాట ఒకటుంది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. వంకరగా పుట్టిన గుండెల లోపలిని మనిషి మొదట చదువుకున్నది చనిపోయినవారి దగ్గరే. కెనడా దేశపు వైద్యురాలు మాడ్ ఆబట్ 1936లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలపై ఒక పటాల గ్రంథం వెలువరించింది. వెయ్యి మంది గుండెలు ఆ గ్రంథానికి ఆధారం. ఆ జ్ఞానం ఆ వెయ్యిమందికీ ఉపయోగపడలేదు. తరువాత పుట్టినవారికి పడింది.

తరువాత 1944 నవంబరు 29న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, ఒళ్ళు నీలం తిరిగిన పదిహేను నెలల పాపకు ఆల్ఫ్రెడ్ బ్లాలక్ శస్త్రచికిత్స చేశాడు. ఆ ఆలోచన హెలెన్ టౌసిగ్ అనే పిల్లల వైద్యురాలిది. ఆమెకు చెవుడు, పిల్లల గుండె చప్పుడు వేళ్ళతో తడిమి తెలుసుకునేది. చేసే పద్ధతిని కుక్కల మీద ప్రయోగించి సాధించినవాడు వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. ఆ రోజు అతను బ్లాలక్ వెనుక ఒక పీట మీద నిలబడి, కుట్టు ఎటు పడాలో చెబుతూ వచ్చాడు. అంటే కత్తి పట్టినవాడికంటే ముందుగా "చూసినవాడు" ఆ గదిలో ఒకడున్నాడు, పేరుప్రతిష్ఠలు మాత్రం చాలాకాలం అతని దాకా రాలేదు. ఆ పాప ఏడాది తిరక్కుండా పోయింది. ఆమె వెనుక వచ్చిన వేలమంది బతికారు.

1954లో మినెసోటాలో వాల్టన్ లిల్లెహై మరీ సాహసించాడు. పిల్లవాడి గుండెను తెరిచినంతసేపూ తండ్రి రక్తప్రసరణను పిల్లవాడికి కలిపి, తండ్రి గుండెతోనే ఇద్దరినీ నడిపించాడు. కన్నం మూసుకుంది. పిల్లవాడు పదకొండో రోజున న్యుమోనియాతో పోయాడు. ఆ పద్ధతిలో మొత్తం 45 మందికి చేస్తే 28 మంది బతికి ఇళ్ళకు వెళ్ళారు. ఒకరికి చికిత్స చేయబోయి ఇద్దరిని పోగొట్టుకునే ప్రమాదం ఉన్న పద్ధతి అది. దాన్ని తప్పనడం ఇవాళ కూర్చుని చాలా సులభం. ఆనాడు ఆ పిల్లలకు మరో దారి లేదు. కాని ఒక మాట ఒప్పుకోవాలి. వైద్యుడు నేర్చుకునే చదువుకు రుసుము ఎవరో ఒకరి ఒంటినుంచి చెల్లుతూ వచ్చింది. మొదట వచ్చినవాడు చెల్లించాడు, తరువాత వచ్చినవాడు అనుభవించాడు.

పెట్టెలోని గుండెకు నొప్పి లేదు. దాన్ని తప్పుగా కోస్తే మళ్ళీ మొదటికి తెచ్చుకోవచ్చు. నేర్చుకునే రుసుములో కొంత భాగమైనా ప్రాణమున్న ఒంటినుంచి తప్పించి బొమ్మమీదికి మళ్ళించగలగడం, నా దృష్టిలో, ఈ విద్య చేసిన నిజమైన మేలు. అందులోనూ ఈ బొమ్మ వెయ్యి గుండెల సగటు కాదు, రేపు ఉదయం బల్లమీద పడుకోబోయే ఈ పిల్లదే. పుట్టుకతో వంకరైన గుండెలు ఏ ఒక్కటీ ఇంకొకదానిలా ఉండవు కనుక, సాధారణ రక్తనాళాల చికిత్సలకంటే ఇక్కడే దీని అవసరం ఎక్కువ.

కాని బొమ్మను ఎంతవరకు నమ్మాలి? మాయాబజార్ (1957) సినిమాలో ప్రియదర్శిని అనే పేటిక ఒకటి ఉంది. ఎవరు తెరిస్తే వారికి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకు అభిమన్యుడు. వైద్యుడి పేటిక అలాంటిది కాదని, ఉన్నదున్నట్టే చూపిస్తుందని మనం అనుకుంటాం. పూర్తిగా అలా కాదు. యంత్రం ఇచ్చేవి పలచటి పొరలు, నలుపు తెలుపు చిత్రాలు. ఇక్కడిదాకా కండ, ఇక్కడినుంచి రక్తం అని గీత గీసేది ఒక మనిషి, లేదా ఆ మనిషి నేర్పిన కంప్యూటరు. ఆ గీత వెంట్రుకవాసి ఇటు జరిగితే కన్నం చిన్నదవుతుంది, అటు జరిగితే పెద్దదవుతుంది. గుండె ఆగదు కనుక, అనేక స్పందనల్లో ఒకే ఘడియను ఏరి కూర్చి ఒక్క చిత్రం చేస్తారు. అంటే మనం చూసే ఆ నిశ్చల రూపం గుండెకు ఏ ఒక్క క్షణంలోనూ అచ్చంగా ఉన్నది కాదు. కవాటాల రెక్కలు ఎంత పలచనివంటే, ఈ చిత్రాల్లో సరిగా పడనే పడవు. ఎరుపు, నీలం రంగులు మనం అద్దినవే. ఇక కుట్టు వేయబోతే చిరిగిపోయే మెత్తటి కండ, ఎక్కడినుంచో ఉబికే రక్తం, ఇవి చేతికి తెలియవలసిందేగాని కంటికి తెలియవు. టౌసిగ్ వేళ్ళు గుర్తుకు రావాలి ఇక్కడ.

మంచి వైద్యులకు ఇది తెలుసు. పేటికలో చూసినదాన్ని ఇతర పరీక్షలతో సరిపోల్చుకునే వారు కదులుతారు. ప్రమాదం ఎక్కడంటే, తెలిసిన విషయాన్ని రోగి ఇంటివారికి చెప్పనిచోట. అంత స్పష్టంగా, అంత అందంగా ఉన్న బొమ్మను చూశాక "ఇందులో మాకు తెలియనిది ఇంకా ఉంది" అని నోరు తెరిచి అనడం కష్టం.

ఇక్కడికి మన సంగతి వస్తుంది. మనం, అంటే ఈ పత్రిక చదివే రాష్ట్రేతర తెలుగువాళ్ళం, జబ్బు పేరును మన భాషలో వినడం అరుదు. షోలాపూర్ మగ్గాలవారు మరాఠీలో వింటారు. హోసూరువారు తమిళంలోనో కన్నడంలోనో వింటారు. పర్లాకిమిడివారు ఒడియాలో వింటారు. అంతటా పైన ఇంగ్లీషు. సంతలో బేరానికి చాలే భాష గుండె దగ్గర చాలదు. మా బంధువుల ఇంట ఒక పసివాడికి గుండెలో రంధ్రమన్నారు. ఆ మాట విన్న నాయనమ్మ, పగిలిన కుండలోంచి నీళ్ళు కారినట్టు రక్తం బయటికి కారిపోతోందనుకుని మూడు రోజులు వాడిని పక్కమీదనుంచి కదలనివ్వలేదు. నాలుగో రోజున వైద్యుడు మందులచీటీ వెనక నాలుగు గదుల ఇల్లు గీసి, మధ్యగోడకు ఒక చుక్క పెట్టాడు. ఆమె ముఖం తేటపడింది. "ఇంతేనా, గోడకు కన్నమా!" అంది. ఆ చీటీయే ఆమెకు అట్టపెట్టె అయింది.

తరువాత జరిగింది కూడా చెప్పాలి. వైద్యుడి మాటలను ఆమెకు తెలుగులో చెబుతున్నది పదో తరగతి చదివే మనవడు. గదులు, గోడ, కన్నం అన్నీ చక్కగా చెప్పాడు. నూటికి ఇంతమంది దక్కకపోవచ్చునని వైద్యుడు అన్న మాటను మాత్రం మింగేశాడు. ఎందుకురా అంటే, "నానమ్మతో ఎట్లా చెప్పేది" అన్నాడు. వాడిని ఎవరు తప్పుపట్టగలరు? బొమ్మకు భాష అక్కరలేదు, అది దాని గొప్ప. అనుమానానికి, ప్రమాదానికి, "ఏమో" అనే మాటకు భాష కావాలి. వాటిని బొమ్మ వేయలేము.

2017లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పిల్లల ఆసుపత్రివారు ఈ పెట్టెను వైద్య విద్యార్థులతోపాటు తల్లిదండ్రులకూ తగిలించి, బిడ్డ గుండెలోని లోపం ఎలాంటిదో చూపే ఏర్పాటు చేశారు. వినగానే నాకు ఆనందం కలిగింది. కాని అది సగమే. మన దేశంలో జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం, రోగికి అతని జబ్బు సంగతి అతనికి తెలిసిన భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పాలంటుంది. రాష్ట్ర భాష తెలిస్తే చాలునని ఎవరైనా అనవచ్చు. సంతకం పెట్టడానికి చాలు. బిడ్డను అప్పగించడానికి చాలదు.

మహాభారతంలో చూసినవాడి బాధ్యత ఎలాంటిదో సంజయుడి దగ్గర కనిపిస్తుంది. యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడికి చూపు ఇస్తానంటాడు. బంధువులు చావడం చూడలేను, వింటాను అంటాడు ఆ ముసలి తండ్రి. ఆ దివ్యదృష్టి సంజయుడికి వస్తుంది. ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, చూడననే హక్కు తండ్రికి ఉంది. తన బిడ్డ గుండె ఎదురుగా గాలిలో వేలాడుతుంటే చూడలేని తల్లి ఉంటుంది. ఆమె తలకు ఆ పెట్టెను బలవంతంగా తగిలించడం జ్ఞానదానం కాదు, క్రూరత్వం. చూడనన్నంత మాత్రాన వినననలేదు కదా, ఆమెకు చెప్పే పని వైద్యుడికి తప్పదు. రెండోది, సంజయుడు చెప్పిన తీరు. యుద్ధభూమినుంచి వచ్చి అతను మొట్టమొదట చెప్పింది భీష్ముడు పడ్డాడన్న మాట. ఆ తరువాతే వ్యూహాలు, రథాలు, శంఖాలు, పది రోజుల కథా. అన్నిటికంటే భరించలేనిదాన్ని ముందు చెప్పి, ఆ తరువాత వివరాల్లోకి పోయాడు. మన ఆసుపత్రుల్లో సాధారణంగా ఈ వరుస తిరగబడుతుంది. ముందు రంగుల బొమ్మ, తరువాత యంత్రాల గొప్పతనం, ఎక్కడో చివర, సంతకం పెట్టే చోట, చిన్న అక్షరాల్లో భీష్ముడు.

అసలు చిక్కు ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. శస్త్రచికిత్స ఫలించక బిడ్డ పోయిందనుకోండి. కంప్యూటరులో ఆ గుండె చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏ కుట్టూ పడని, ఏ కోతా పడని రూపంతో. ఆబట్ కాలపు గుండెల్లాగా అదీ రేపటి విద్యార్థులకు పాఠమవుతుంది, అయి తీరాలి కూడా. అయితే ఆ పాఠానికి అనుమతి ఇవ్వవలసినవారు ఆ తల్లిదండ్రులు. ముందురోజు నూరు కాగితాల మధ్య తోసిన ఒక సంతకం ఆ అనుమతి కాలేదు. ఎప్పుడో ఏడాది తరువాత ఆ తల్లే వచ్చి, "మా పాప గుండె మీ దగ్గర ఉందటగా, ఒకసారి చూస్తాను" అంటే? ఆమెకు మళ్ళీ దుఃఖం రేగుతుందని, ఆసుపత్రికి వ్యాజ్యం భయమని, అడ్డు చెప్పేవారు చాలామంది ఉంటారు. చూపాలనే నేనంటాను. అప్పుడు పక్కన ఒకరు కూర్చోవాలి. వైద్యుడు ఎక్కడ దారి ఉందనుకున్నాడో, ఆ దారి ఎక్కడ మూసుకుపోయిందో, బొమ్మలో కనబడనిది లోపల ఏమి కనబడిందో, ఆమె భాషలో ఆమెకు చెప్పాలి.